రాని బొమ్మలు, వచ్చిన పెట్టెలు



ఆంగ్లనవలాకారుడగు హెచ్. జి. వెల్స్ 1913 వ సంవత్సరమున ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకమును ప్రకటించి, సీసపు సైనికులను నేలపై బారులు తీర్చి, చిన్న కొయ్యముక్కలను విసరు స్ప్రింగుఫిరంగులతో వారిని పడగొట్టుచు ఆడదగిన యుద్ధక్రీడ యొకదానికి నియమములు కూర్చెను. పెద్దమనుషులు మోకాళ్లపై ప్రాకుచు బొమ్మలతో ప్రొద్దుపుచ్చుట పరిహాసాస్పదమని తలచువారికి ఆ గ్రంథమే సమాధానము. నాటినుండి నేటివరకు పాశ్చాత్యదేశములందు ఆ వినోదము అనేక రూపములు దాల్చినది. 1974 లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను వెలువరించిన పిదప సైనికులకు తోడు మాంత్రికులును, పిశాచములును, రెక్కల సర్పములును బల్లమీదికి ఎక్కినవి. బొటనవ్రేలంత యెత్తున, శిరస్త్రాణపు కుచ్చు మొదలు పాదరక్షల కట్టు వరకు పనితనము కనబడునట్లు పోతపోసిన ఈ బొమ్మలను మినియేచర్లందురు. వీనికి రంగులు వేయుట ఒక విద్య. వీనితో ఆడుట మరియొక విద్య. వామనగుంటలకు గుప్పెడు చింతగింజలును, అష్టాచెమ్మాకు నాలుగు గవ్వలును చాలునని యెరిగిన మనకు, ఒక్క ఆటకు పదికిలోల పెట్టె యేల యని తోచుట సహజమే. తోచినను, ఆ రుచి యెరిగినవారిని ఆక్షేపింప బనిలేదు. ఎవరి ముచ్చట వారిది.

నేడు నేను ప్రసంగింపదలచినది ఆ క్రీడను గూర్చి కాదు. ఆ క్రీడాసామగ్రి పుట్టకమునుపే దానికి మూల్యము చెల్లించు క్రొత్త అలవాటును గూర్చియు, ఆ అలవాటు వెంబడి వచ్చిన పశ్చాత్తాపమును గూర్చియు.

2009 ఏప్రిల్ మాసమున న్యూయార్కు నగరములో కిక్‌స్టార్టర్ అను సంస్థ వెలసినది. దాని పద్ధతి సులభము. ఒకడు ఒక వస్తువును చేయదలచును. దాని నమూనాను, బొమ్మలను, కొంత వాగ్ధోరణిని ప్రజలముందుంచి, ఇంత సొమ్ము ఇన్ని దినములలో కావలెనని నిర్ణయించును. ఇష్టమున్నవారు తమ తమ క్రెడిట్ కార్డులపై ఇంత ఇత్తుమని మాట యిత్తురు. గడువునాటికి కోరిన మొత్తము పోగుపడెనా, అందరి మాటయు ఒక్కసారిగా సొమ్మగును. పడలేదా, ఎవరికిని దమ్మిడీ నష్టము లేదు. మధ్యవర్తియగు సంస్థ నూటికి అయిదు పుచ్చుకొని తప్పుకొనును. తాము అంగడివారము కామని ఆ సంస్థవారు 2012 సెప్టెంబరులో స్పష్టముగనే చాటిరి. ఐనను, అంగడివలె వస్తువులు పరచి, అంగడివలె వెలలు కట్టి, అంగడివలె తొందరపెట్టుచోటు అంగడి కాదని నమ్ముట మానవస్వభావమునకు కష్టము గదా!

ముందుగా సొమ్ము కూర్చుకొని పనికి పూనుకొనుట లోకమునకు క్రొత్త కాదు. అలెగ్జాండర్ పోప్ తన ఇలియడ్ అనువాదమును 1715 మొదలుకొని ఆరు సంపుటములుగా చందాదారులకే అందించి, ఆ రాబడితో జీవితాంతము నిశ్చింతగా బ్రతికెను. మన గ్రంథకర్తలును చందాదారుల జాబితా చేతబట్టుకొని ఊరూర తిరిగి పుస్తకములు అచ్చువేయించినవారే. అయితే పోపు చందాదారునకు తనకు రాబోవునవి ఆరు సంపుటములే యని తెలియును. చందాదారులు పెరిగినకొలది హోమరునకు ఏడవ సంపుటము, ఎనిమిదవ సంపుటము కల్పించి ఉచితముగా చేర్చెదనని పోపు చెప్పలేదు. నా ప్రసంగమంతయు ఈ భేదముమీదనే ఆధారపడియున్నది.

ఆ భేదమునకు ఈ క్రీడాప్రియులలో స్ట్రెచ్ గోల్ అని పేరు. కోరిన సొమ్ము రెండుదినములలో వచ్చినదనుకొనుడు. ఇంకను నెలదినముల గడువున్నది. అప్పుడు నిర్మాత, మీరు లక్ష డాలర్లకు చేరినచో ప్రతి పెట్టెలోను ఒక రాక్షసుని అదనముగా ఉంచెదను, లక్షన్నరకు చేరినచో ఇద్దరు వీరులను, రెండులక్షలకు చేరినచో ఒక మహాసర్పమును అని మెట్లు కట్టును. చూచువారికి ప్రతిదినము మెట్టెక్కిన వేడుక. తమ సొమ్ము పెరుగకయే పెట్టె పెరుగుచున్నదను సంతోషము. స్నేహితులను పిలిచి వారిచేతను సొమ్ము కట్టించవలెనను ఉత్సాహము. ఇంతటితో ఆగక, ఈ బొమ్మ అంగళ్లలో ఎన్నటికిని దొరకదు, ఇక్కడ ఇప్పుడు కట్టినవారికే లభించును అను మాట యొకటి చేర్తురు. చివరి రెండు దినములలో అప్పటివరకు తటపటాయించినవారు సయితము ఎగబడుదురు. వివేకవంతులైన ఇంజనీర్లును, లెక్కలు చూచుకొను అకౌంటెంట్లును, ఇంటిలో కూరగాయలవద్ద రూపాయి బేరమాడువారును ఆ గడియలలో రెండువందల డాలర్ల మాటను నాలుగువందలకు పెంచుట వింతగాని అరుదు కాదు.

ఇందుకు ఉత్తమోదాహరణము, మోసమేమియు లేని ఉదాహరణము, టెక్సస్ రాష్ట్రమున డెంటన్ పట్టణములోని రీపర్ మినియేచర్స్ వారిది. వారు ఎంతోకాలముగా లోహపు బొమ్మలు పోయుచుండినవారు. వానిని చౌకయగు ప్లాస్టిక్‌లో చేయుటకు ఉక్కు అచ్చులు కావలెనని 2012 లో 30,000 డాలర్లు కోరగా, ఆగస్టు ముగియునాటికి 17,700 పైచిలుకు జనులు 34 లక్షల డాలర్లకు మించి కుమ్మరించిరి. నూరుడాలర్లు కట్టినవానికి రావలసిన బొమ్మలు మెట్టుమెట్టుకు పెరిగి, తుదకు రెండువందలు దాటినవి. ఒక్కొక్కటి అర్ధడాలరు కన్న తక్కువ! బేరమున్నచో ఇట్టిది ఉండవలెను. మాట ప్రకారము బొమ్మలు వచ్చినవి కూడ. రెండువందల బొమ్మలతో తానేమి చేయగలనని నూరుడాలర్లు కట్టునాడు యోచించినవారు మాత్రము మిక్కిలి కొలదిమంది.

ఇక నిర్మాతల సంగతి చూతము. ప్లాస్టిక్ బొమ్మ పుట్టుటకు ముందు శిల్పి దానిని కంప్యూటరుపై మలచును. పిమ్మట, చేయి ఒక ముక్క, కత్తి ఒక ముక్క, మొండెము ఒక ముక్కగా విడదీసి, ఉక్కుదిమ్మెల రెండు చెక్కలలో దాని గుంటలను తొలుతురు. ఆ రెండు చెక్కలను బిగించి కరగిన ప్లాస్టిక్‌ను మిక్కిలి యొత్తిడితో లోనికి పంపుదురు. అచ్చునకు అగు వ్యయము దానినుండి అయిదువందల బొమ్మలు తీసినను, యాబదివేలు తీసినను ఒక్కటియే. కావున సొమ్ము కట్టువానికి ఉచితముగా కనబడు ప్రతి క్రొత్త రాక్షసుడును నిర్మాతకు క్రొత్త శిల్పియొక్క జీతము, క్రొత్త అచ్చుయొక్క వెల, క్రొత్త పరీక్షలు, పెట్టెలో క్రొత్త స్థలము, ఓడలో క్రొత్త బరువు. మెట్లు ఎక్కినపుడు వచ్చిన సొమ్ములో చాలభాగము ఆ మెట్లకే సరిపోవచ్చును. మిగిలినదానితో అసలు ఆటను చేయవలెను. నెలదినముల ఉత్సాహములో ఈ లెక్క వేసికొనువారు ఉండరు. వేసికొన్నను, ప్రక్కవాడు మెట్లు కట్టుచుండగా తాను మానినచో ఎవడును తనవైపు చూడడని భయము.

ఆ భయమునకు బలియైనదే మిషిగన్ రాష్ట్రపు పల్లాడియం బుక్స్ వారి రోబోటెక్ ఆట. రోబోటెక్ అనునది 1980 దశకమున అమెరికాలో పిల్లల మనసు దోచుకొన్న టెలివిజన్ కథ. ఆ పిల్లలు పెరిగి ఉద్యోగస్థులై, తాము మెచ్చిన యుద్ధయంత్రములు బల్లమీద కదలగలవను వార్తకు కరగిపోయి, 2013 లో సంస్థ కోరిన 70,000 డాలర్లకు బదులు 14,42,312 డాలర్లు ముట్టజెప్పిరి. ముట్టజెప్పినవారు 5,342 మంది. ఆ సంవత్సరాంతమునకు అందవలసిన సరకులో మొదటిభాగము మరుసటి సంవత్సరము శరత్కాలమునుండి అందసాగినది. అందిన బొమ్మలో ముక్కలు లెక్కకు మించియుండి, గోరంత ముక్కలను పట్టకారుతో పట్టి జిగురుపెట్టి అతుకవలసివచ్చెనని సణుగుడు. రెండవభాగము నేడు రేపు అనుచు నాలుగేండ్లు గడచినవి. 2018 ఫిబ్రవరిలో, రోబోటెక్ పేరు వాడుకొనుటకు గల హక్కు ముగియుచున్నదనియు, రెండవభాగము ఇక రాదనియు ప్రకటన వెలువడినది. కావలసినవారు దానికి మారుగా మొదటిభాగపు మిగులుసరకును, రవాణా ఖర్చు తామే భరించి, తెప్పించుకొనవచ్చునట! ఎవరి యంత్రముల కొరకు సొమ్ము కట్టిరో ఆ యంత్రములు రాలేదు. ఇదివరకే చాలునన్న యంత్రములు మరికొన్ని రాగలవు. పుండుమీద కారము చల్లుట యనగా నిదియే.

ఇది సంస్థయొక్క అసమర్థత; మోసమని నేననను. మోసమునకు వేరొక కథ కలదు. అమెరికాలో ‘ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ’ అను ఆటను కీత్ బేకర్, లీ మోయర్ అనువారు రూపొందించిరి. దానిని అచ్చొత్తించెదనని ఫోర్కింగ్ పాత్ అను సంస్థ పేర ఎరిక్ షెవలీర్ అను నతడు 2012 లో 35,000 డాలర్లు కోరి 1,22,874 డాలర్లు రాబట్టెను. డెబ్బదియైదు డాలర్లు, అంతకు మించి కట్టినవారికి ఆటతోపాటు ప్యూటర్ అను మిశ్రలోహపు బొమ్మలును దక్కవలెను. చాలమంది ఆ బొమ్మలకే ఆశపడిరి. 2013 జూలైలో ఆట రద్దయినదని చెప్పిరి, సొమ్ము తిరిగి రాలేదు. ఆ సొమ్ములో మిక్కిలిభాగము ఇంటి అద్దెకు, ఆరెగాన్ రాష్ట్రమునకు కాపురము మార్చుటకు, సొంత సామానునకు పోయినదని అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపి, 2015 జూన్‌లో పరిష్కారము చేసికొనెను. ఇట్టి చందాపద్ధతిపై ఆ కమిషన్ చేపట్టిన మొదటి వ్యవహారమిదియే. తీర్పు 1,11,793 డాలర్లకు. కాని చెల్లించు శక్తి అతనికి లేనందున వసూలు నిలిపివేయబడినది. ఆట మాత్రము బ్రతికినది. క్రిప్టోజోయిక్ అను వేరొక సంస్థ దానిని ప్రకటించి, మొదట సొమ్ము కట్టినవారికి తన ప్రతులను ఉచితముగా పంపించెను. కిక్‌స్టార్టర్‌లో అంతకన్న చిన్న మొత్తము వసూలు చేసి అసైలమ్ అను పేకముక్కల కట్టను అందింపనివానిపై వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరల్ దావా వేయగా, 2015 లో న్యాయస్థానము ఆ రాష్ట్రవాసులు 31 మందికి 668 డాలర్లు తిరిగి ఇప్పించుటయేగాక, ఒక్కొక్కరి పేర వేయి డాలర్ల చొప్పున జరిమానా విధించినది. న్యాయమున్నది, అది పేకకట్ట వెలకన్న చాల ఖరీదైనది.

ఈ కథలు విన్నవారు, అయ్యో, సొమ్ము కట్టినవారిలో ఎక్కువమంది మునిగినవారే గాబోలు అనుకొందురు. కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ పాఠశాలలో ఆచార్యుడగు ఈథన్ మోలిక్ 2015 లో వేలకొలది జనులను విచారించి, సొమ్ము కూడిన ప్రయత్నములలో నూటికి సుమారు తొమ్మిది మాత్రమే మాట తప్పినవని తేల్చెను. మిగిలినవి, ఆలస్యముగనో సకాలముననో, చేరినవి. అట్లయినచో ఈ క్రీడాప్రియులు నలుగురు కూడినచోట ఇంత నిట్టూర్పు ఎందుకు? నా యెరుకలో ఆ నిట్టూర్పులో పెద్దపాలు రానిదానిని గూర్చినది కాదు, వచ్చినదానిని గూర్చినది.

న్యూజెర్సీలో కాపురమున్న మా పినతల్లి కుమారుడొకడు ఈ విద్యయందు ఆసక్తుడు. వాని యింటి గ్యారేజీలో, ఆవకాయ జాడీలును, బియ్యపు బస్తాలును ఉంచు గోడవైపున, ఇనుపబీరువా యంత యెత్తున అట్టపెట్టెలు పేర్చియుండగా చూచితిని. కొన్నింటిమీద తపాలావారి చీటీలు సయితము చింపబడలేదు. నాకు చూపుటకై వాడొక పెట్టెను విప్పెను. లోన నల్లని ప్లాస్టిక్ పళ్లెములు అంతస్తులుగా ఉన్నవి, ఒక్కొక్క పళ్లెమున ఒక్కొక్క బొమ్మకు దాని యాకారముననే గుంట, బొమ్మలన్నియు బూడిదవన్నెవి. చేతికిచ్చిన వీరుని ఖడ్గము వేడికి వంగిన కొవ్వొత్తి వలె వ్రేలాడుచున్నది. దానికి వైద్యమున్నదట: మరుగునీట ముంచి నిటారుగా సరిచేసి వెంటనే చల్లనినీట ముంచవలెను. చెవి మొదలుకొని మడమ వరకు సన్నని గీతయొకటి పైకి లేచియున్నది. అచ్చుయొక్క రెండు చెక్కలు కలిసినచోట ప్లాస్టిక్ పొంగిన గుర్తు అది. దానిని చాకుమొనతో గీకవలెను. తరువాత సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, ప్రైమరు చల్లి, అది యారినపిదప కవచమునకొక రంగు, చర్మమునకొక రంగు, తోలుపట్టీలకొక రంగు, వానిపై మడతలలో నిలుచునట్లు పలుచని నల్లరంగు, మరల అంచులమీద పొడికుంచెతో లేతరంగు, తుదకు వార్నీషు. చేయితిరిగినవానికి కూడ ఒక బొమ్మకు ఒక సాయంకాలము పట్టును. పెట్టెలో నూరు బొమ్మలున్నచో నూరు సాయంకాలములన్నమాట. గోడవైపు నిలిచిన పెట్టెలను చూచి నేను లెక్క వేయబోగా, వాడు నవ్వి, వేయకు, నేను ఎన్నడో మానుకొంటిని అనెను. ఇట్లు పేరుకొన్నదానిని ఆ క్రీడాప్రియులు తమలో తాము ‘పైల్ ఆఫ్ షేమ్’ అని పిలుచుకొందురు, పరిహాసముగనే.

రంగులు లేకున్నను ఆడవచ్చును గదా అని నేనడుగగా వచ్చిన సమాధానము నన్ను ఆలోచింపజేసినది. ఈ ఆటకు నలుగురు కావలెను. నలుగురును ముప్పది నలుబది పుటల నియమావళిని చదివినవారై యుండవలెను. మూడుగంటలు ఎవరి ఫోనును మ్రోగకూడదు. వాడు సొమ్ము కట్టినపుడు బ్రహ్మచారి; ఆ నలుగురును ఒకే అపార్టుమెంటులో అద్దెకున్న తెలుగు కుర్రవాండ్రు; శనివారము రాత్రి రెండుగంటలవరకు మెలకువగా నుండుట వారికి విశేషము కాదు. పెట్టె వచ్చుసరికి రెండున్నరయేండ్లు. ఒకడు డాలస్ వెళ్లినాడు, ఒకడు వీసా చిక్కుతో హైదరాబాదు తిరిగివచ్చినాడు, మూడవవాని భార్యకు కవలలు. ఆలస్యమనగా వస్తువు ఆలస్యమని మనమనుకొందుము. కాని రెండున్నరయేండ్లలో కొన్నవాడే మారిపోవును; వేరొకని చిరునామాకు వచ్చిన పొట్లమువలె తన పొట్లమును తానందుకొనును. కట్టిన సొమ్ము బొమ్మలకు కాదు, ఆ శనివారపు రాత్రులకు. అవి పెట్టెలో రావు.

దీనిపై రెండు చిన్న పుండ్లు. సొమ్ము కట్టినవానికి పెట్టె ఓడలో ఉండగనే అదే ఆట అంగడిలో కనబడి, ఒక్కొక్కపుడు తక్కువ వెలకే దొరకుట. అంగళ్లలో ఎన్నటికిని దొరకదన్న బొమ్మ రెండవ ముద్రణపు ప్రచారములో మరల కనబడుట.

పోనీ, వచ్చినవి తిరుగ అమ్మి సొమ్ము చేసికొనవచ్చును గదా యని కొందరు ఓదార్చుకొందురు. కొన్నింటి విషయమున ఇది నిజమే. ఆడం పూట్స్ అనునతని ‘కింగ్‌డమ్ డెత్: మాన్‌స్టర్’ 2012 చివర 35,000 డాలర్లు కోరి ఇరువదిలక్షలకు మించి సంపాదించి, 2013 నవంబరులో అందవలసినది 2015 లో అందినది. అందినవారు దానిని తలకెత్తుకొనిరి. విప్పని పెట్టె కొన్నవెలకు మించి అమ్ముడుపోయినది. ఆ కీర్తితో 2016 నవంబరులో రెండవమారు కోరగా ఒక కోటి ఇరువదిమూడు లక్షల డాలర్లు దాటినది. ఆ రెండవమారు వాగ్దానములలో ‘గ్యాంబ్లర్స్ చెస్ట్’ అను పెట్టె కొరకు 2023 వరకు ఎదురుచూడవలసివచ్చినది. అట్టి ఆటయొకటి దొరకునను ఆశతోనే తక్కిన పదింటికి సొమ్ము కట్టుదురు. ఆ పదియు మూడేండ్ల తరువాత సగము వెలకు అడుగువాడు లేక పడియుండును.

బొమ్మలు కుప్పపోయకయే గెలిచినవాడు లేడా యందురా? ఐసక్ చైల్డ్రెస్ అనునతడు 2015 లో ‘గ్లూమ్‌హేవెన్’ అను ఆటకు 3,86,104 డాలర్లు మాత్రమే కూర్చెను. అందులో ఆటగాండ్ర వీరులకే ప్లాస్టిక్ బొమ్మలు, రాక్షసులందరును అట్టముక్కలు. సొమ్ము బొమ్మలకు గాక ఆటకే పోయినది. ఆటల రుచి తెలిసినవారు ఏండ్లతరబడి దానికి ప్రథమస్థానమిచ్చిరి. దాని తరువాతి ఆటయగు ‘ఫ్రాస్ట్‌హేవెన్’కు 2020 లో 83,000 పైచిలుకు జనులు ఒక కోటి ఇరువదితొమ్మిది లక్షల డాలర్లు కట్టిరి, అప్పుడును రాక్షసులు అట్టముక్కలే. 2023 లో మాత్రము ఆ అట్టరాక్షసులకు ప్లాస్టిక్ దేహములు కల్పించి వేరుగా అమ్మజూపిరి. కలికాలము!

2020 తరువాత కాలమును క్లుప్తముగా చెప్పి ముగింతును. ఈ ఆటలలో మిక్కిలిభాగము చైనాలో తయారగును. మహమ్మారి పిమ్మట ఓడరవాణా తలక్రిందులై, రెండువేల డాలర్ల చుట్టుప్రక్కల నుండిన కంటెయినరు కూలి 2021 లో కొన్ని మార్గములందు ఇరువదివేల వరకు పోయినది. మెట్లతో పెరిగిన పెట్టెలకు ఆ దెబ్బ బలముగా తగిలినది. లక్సెంబర్గునకు చెందిన మిథిక్ గేమ్స్ 2022 లో ‘డార్కెస్ట్ డంజన్’ మొదలగు ఆటలకు ఇదివరకే పూర్తి సొమ్ము కట్టినవారిని అదనపు సొమ్ము కోరినది. అమెరికా ప్రభుత్వము 2025 ఏప్రిల్‌లో చైనా సరకుపై సుంకమును 145 శాతము వరకు పెంచి, మే మాసమున 30 శాతమునకు దింపెను. 2012 లో ‘జాంబిసైడ్’ తో ఈ మెట్లపద్ధతికి బాట వేసిన సి.ఎం.ఓ.ఎన్. సంస్థ ఆ సుంకముల వేళనే క్రొత్త ఆటలను, క్రొత్త ప్రచారములను నిలిపితిమని చెప్పి, జాంబిసైడును ఆ సంవత్సరమే ఆస్మోడీ అను ఫ్రెంచి సంస్థకు అమ్మివేసినది. మన దేశమున కూర్చుండి సొమ్ము కట్టువానికి మరియొక చిక్కు. ఆటబొమ్మలపై దిగుమతి సుంకము 2020 లో 20 నుండి 60 శాతమునకును, 2023 లో 70 శాతమునకును పెరిగినది. పెట్టెలోనివి బొమ్మలా, బోర్డుగేము సామగ్రియా యని నిర్ణయించునది సుంకాధికారి. కావున హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవాడు తన పెట్టె తుదివెలను ఎన్నడును ముందుగా లెక్కగట్టజాలడు.

సొమ్ము కట్టవలదని నేను చెప్పబోను. చెప్పినను వినువారు లేరు. ఐతే ఈసారి ప్రచారమును చూచునపుడు, మొదటి దినమున ఆ పెట్టెలో ఏమేమి ఉంచెదమనిరో దానిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ మాత్రమునకే ఆ వెల ఈయవచ్చునని తోచినచో కట్టుడు. మెట్లమీద ఎక్కినవానిని చూచి మాత్రము కట్టకుడు. వస్తువు వచ్చునాటికి ఎవరితో ఆడెదరో ఆ ముగ్గురి పేర్లును అదే కాగితముపై వ్రాయుడు. పేర్లు మూడు రానిచో కాగితమును చింపివేయుడు. ఇప్పటికే పెట్టెలు పేరుకొన్నవారితో మరియొక మాట. రంగుల కొరకు ఆగకుడు. బూడిదవన్నె వీరుడును బల్లమీద నడువగలడు. అడుగున నున్న పెట్టెను ఈ ఆదివారమే విప్పి, ఇంటనున్న పిల్లలతోనైన ఆడి చూడుడు. విప్పుటకు మనసొప్పదా, మీ వీథిలో తీరికయు, ముగ్గురు స్నేహితులును గల ఇంజనీరింగు విద్యార్థి యొకడు తప్పక యుండును, వానికిచ్చివేయుడు. పెట్టె బరువు గనుక వానినే వచ్చి మోసికొనిపొమ్మనుడు.